చార్లెస్ కెటరింగ్

చంద్రపూర్ నుంచి తాడోబా అడవికి పోయే దారిలో దుర్గాపూర్ వస్తుంది. ఒక వైపు బొగ్గు గనులు, మరొక వైపు థర్మల్ విద్యుత్ కేంద్రపు ఎత్తైన పొగగొట్టాలు. గనిలో పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి, ఈ ప్రాంతంలోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెల్లవారి మొదటి షిఫ్టు వేళకు ఇక్కడి వీధుల్లో ఒక శబ్దం వినిపిస్తుంది. మోటారు సైకిళ్లు, జీపులు, బొగ్గు లారీలు ఒకదాని తరువాత ఒకటి మేల్కొనే శబ్దమది. డ్రైవరు తాళంచెవి తిప్పుతాడు. ఒకటి రెండు క్షణాలు కీచుమనే మూలుగు, ఆ తరువాత ఇంజను గర్జన. ఏనాడైనా ఆ మూలుగు వినిపించకపోతే సెల్ఫ్ కొట్టడం లేదని అంటారు. నలుగురు చేరి బండిని తోస్తారు. సెల్ఫ్ అన్న మాట మన వాడుకలో ఇంతగా కలిసిపోయింది గాని, దాని వెనుక ఒక మనిషి ఉన్నాడన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆయన పేరు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్.

పెట్రోలు ఇంజను తనంతట తాను మొదలు కాలేదు. ముందుగా అది గాలిని, ఇంధనాన్ని లోపలికి పీల్చుకోవాలి. ఆ మిశ్రమాన్ని అదిమి పట్టాలి. ఆ తరువాతే నిప్పురవ్వ తగిలి మండటం, పిస్టను కదలటం జరుగుతుంది. ఈ మొదటి చుట్లు ఎవరో ఒకరు బయటి నుంచి తిప్పాలి. కెటరింగ్ కాలం దాకా ఆ పని మనిషి భుజబలంతోనే జరిగేది. బండి ముందు నిలబడి, ఇంజనులోకి ఒక ఇనుప హ్యాండిల్ దూర్చి, బలంగా తిప్పేవారు. నిప్పురవ్వ వేళకు ముందే పుడితే ఇంజను వెనక్కి తన్నేది. ఆ దెబ్బకు మణికట్టు విరగడం, దవడ పగలడం మామూలు విషయాలు. అందుకే హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలిని మిగిలిన వేళ్ల వైపే ఉంచాలని పెద్దలు నేర్పేవారు. మన దేశంలో కూడా పాత లారీలకు, జీపులకు, అంబాసిడరు కార్లకు ఈ హ్యాండిల్ చాలాకాలం ఉండేది. ఆనాటి డ్రైవర్లు ఎవరైనా మీ వాడలో ఉంటే అడిగి చూడండి, ఒక కథైనా చెబుతారు.

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. అయిదుగురు సంతానంలో నాలుగవవాడు. ఇంటి పొలం పనుల్లో చేయి కలుపుతూ, ఊరి బడిలో చదువుకొన్నాడు. చిన్ననాటి నుంచి ఆయనకు చూపు బలహీనం. కాసేపు పుస్తకం పడితే కళ్లు మంటలు, తలనొప్పి. చదువంటే ప్రాణం పెట్టేవాడికి ఇంతకన్న పెద్ద కష్టం ఏముంటుంది? ఉన్నత పాఠశాల చదువు ముగించిన తరువాత కొంతకాలం పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. సెలవుల్లో వూస్టర్ కళాశాలకు వెళ్లి చదువుకొన్నాడు. ఆ తరువాత ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో చేరాడు.

అక్కడ కళ్లు పూర్తిగా మొరాయించాయి. చదువు మధ్యలోనే మానివేసి ఇంటికి రావలసి వచ్చింది. ఇక జన్మలో పట్టా అందదనుకొనే పరిస్థితి. అప్పుడు ఆయన ఒక టెలిఫోను కంపెనీలో కూలీగా చేరి గుంతలు తవ్వాడు, స్తంభాలు పాతాడు, తీగలు లాగాడు. కొద్దికాలంలోనే ఆ తీగల ముఠాకు మేస్త్రీ అయ్యాడు. ఆరుబయట పనితో ఆరోగ్యం కుదుటపడింది. విద్యుత్తును పుస్తకంలో కాక చేతులతో నేర్చుకొన్నది కూడా అప్పుడే. యాష్‌లాండ్ పట్టణంలో టెలిఫోను ఆపరేటరుగా పనిచేస్తున్న ఆలివ్ విలియమ్స్‌తో ఆయనకు పరిచయమైంది. తిరిగి విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు గదిలోని స్నేహితులు పాఠాలు పైకి చదివితే, ఈయన విని గుర్తుపెట్టుకొనేవాడు. ఈ విధంగా 1904లో విద్యుత్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకొన్నాడు. మరుసటి సంవత్సరం ఆలివ్‌ను వివాహమాడాడు. వారికి ఒక్కడే కుమారుడు, యూజీన్.

పట్టా చేతికి రాగానే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. క్యాష్ రిజిస్టర్ అంటే దుకాణాల్లో డబ్బు లెక్క చూసే యంత్రం. ప్రతి అమ్మకానికి గుమాస్తా ఒక పిడిని తిప్పాలి. రోజంతా తిప్పితే చేయి లాగుతుంది. ఈ పనిని విద్యుత్ మోటారుకు అప్పగించాలని కంపెనీ కోరిక. అయితే ఆ బరువును తిప్పగల మోటారు పెట్టాలంటే, యంత్రమంత పెద్ద మోటారు కావాలని తెలిసినవారు తేల్చారు. కెటరింగ్ లెక్క వేరు. ఈ మోటారు రోజంతా తిరగదు. ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది, మళ్లీ కొంతసేపటికి గాని దానికి పని ఉండదు. గంటల తరబడి తిరిగే మోటారుకు ఎక్కువ బరువు పెడితే వేడెక్కి కాలిపోతుంది. క్షణం మాత్రమే తిరిగేదానికి కాలిపోయే వ్యవధి ఎక్కడ? కాబట్టి చిన్న మోటారు చేత దాని శక్తికి మించిన పని ఆ క్షణం పాటు చేయించవచ్చు. మోటారుతో నడిచే క్యాష్ రిజిస్టర్ 1906లో తయారైంది. ఈ చిన్న ఆలోచనను గుర్తుపెట్టుకోవాలి. మోటారు కార్ల చరిత్రను తరువాత మార్చింది ఇదే.

ఆ కంపెనీలోనే పెద్ద ఉద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్. ఆయనకు కార్లంటే మోజు. ఆయన ఇంటి పెరటిలో ఒక కొట్టం ఉండేది. కెటరింగ్, మరికొందరు తోటి ఉద్యోగులు పగలు కంపెనీలో పనిచేసి, రాత్రులు, సెలవు రోజులు ఆ కొట్టంలో గడిపేవారు. ఆ గుంపుకు కొట్టం ముఠా అని పేరు వచ్చింది. మొదట వారు పట్టుకొన్నది ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ వ్యవస్థ. అప్పటి కార్లలో అది నమ్మకంగా పనిచేసేది కాదు. వారు చేసిన కొత్త ఏర్పాటు క్యాడిలాక్ కార్ల కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్‌కు నచ్చింది. 1909లో ఆయన ఏకంగా వేల సెట్లు కావాలన్నాడు. అప్పటికి వీరికి కార్ఖానా అంటూ ఏదీ లేదు! ఆ సంవత్సరమే కెటరింగ్ స్థిరమైన ఉద్యోగాన్ని వదులుకొని, డీడ్స్‌తో కలసి డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీని నెలకొల్పాడు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే డెల్కో.

లీలాండ్ మనస్సులో మరొక బాధ ఉంది. హ్యాండిల్ దెబ్బలు ఆయనను కలచివేశాయి. దారిలో ఆగిపోయిన ఒక స్త్రీ కారుకు సాయపడబోయి, హ్యాండిల్ తన్నడంతో లీలాండ్ మిత్రుడు బైరన్ కార్టర్ ప్రాణాలు పోగొట్టుకొన్నాడనీ, ఆ దుఃఖంలోనే ఆయన కెటరింగ్‌ను పిలిపించాడనీ ఒక కథ పుస్తకాల్లో కనిపిస్తుంది. కథలో చెప్పే కాలానికీ కార్టర్ మరణించిన సంవత్సరానికీ పొత్తు కుదరడం లేదు. కాబట్టి ఆ కథను యథాతథంగా నమ్మనక్కరలేదు. కాని చేతులు విరిగినవారు, దవడలు పగిలినవారు ఆ రోజుల్లో ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారి కోసమైనా ఏదో ఒక దారి చూడాలని లీలాండ్ పట్టుబట్టిన మాట నిజం.

అంతకు ముందే కొందరు ఈ సమస్యతో తలపడ్డారు. స్ప్రింగులు చుట్టి వదిలి చూశారు. అదిమిపెట్టిన గాలితో తిప్పించి చూశారు. అసిటిలీన్ వాయువును కూడా ప్రయత్నించారు. ఏదీ నిలకడగా సాగలేదు. విద్యుత్ మోటారు సంగతి ఎత్తితే, ఇంజనును తిప్పగల మోటారూ దానికి చాలినంత బ్యాటరీలూ పెడితే కారులో మనుషులకు చోటుండదని నవ్వేవారు. కెటరింగ్‌కు మళ్లీ క్యాష్ రిజిస్టర్ గుర్తుకు వచ్చింది. ఇంజను అందుకొనేదాకా కొన్ని క్షణాలు తిరిగితే చాలు గదా! చిన్న మోటారును ఎన్నుకొని, దానికి చిన్న పళ్ల చక్రం, ఇంజను వైపు పెద్ద పళ్ల చక్రం అమర్చాడు. చిన్న చక్రం చాలా చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గిన మేరకు బలం పెరుగుతుంది.

ఆయన ఏర్పాటులో మరొక చమత్కారం ఉంది. మోటారుకు విద్యుత్తు ఇస్తే తిరుగుతుంది, మోటారును తిప్పితే విద్యుత్తు పుడుతుంది. కనుక ఇంజను మొదలయ్యేదాకా మోటారుగా పనిచేసిన పరికరమే, ఇంజను నడుస్తున్నప్పుడు జనరేటరుగా మారి బ్యాటరీని నింపేది. ఆ విద్యుత్తుతోనే దీపాలు వెలిగేవి, నిప్పురవ్వ పుట్టేది. ఇంజనును తిప్పే వేళ బ్యాటరీలు వరుసగా కలిసి ఇరవై నాలుగు వోల్టులు ఇచ్చేవి. నింపుకొనే వేళ విడివడి ఆరు వోల్టుల మీద పనిచేసేవి. 1911 ఫిబ్రవరి 17న ఈ ఏర్పాటును క్యాడిలాక్ కారులో పెట్టి నడిపి చూశారు. హ్యాండిల్ పట్టకుండానే ఇంజను మేల్కొన్నది. 1912 సంవత్సరపు క్యాడిలాక్ కార్లన్నింటిలో దీనిని అమర్చారు. దీనికే ఇంగ్లండులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు ప్రతిష్ఠాత్మకమైన డ్యూవార్ పతకాన్ని క్యాడిలాక్‌కు ఇచ్చింది. కెటరింగ్ దరఖాస్తు చేసుకొన్న పేటెంటు 1915 ఆగస్టులో మంజూరైంది.

హ్యాండిల్ పోవడంతో కారు నడపడానికి కండబలం అవసరం లేకపోయింది. అంతవరకు అమెరికాలో స్త్రీలు ఎక్కువగా బ్యాటరీ కార్లు నడిపేవారు. పెట్రోలు కార్ల తయారీలో పేరుమోసిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపినది కూడా బ్యాటరీ కారే. సెల్ఫ్ వచ్చిన తరువాత పెట్రోలు కారు ముందు బ్యాటరీ కారు నిలవలేకపోయింది. 1919 నాటికి ఫోర్డ్ కంపెనీ తన చవక కారుకు కూడా సెల్ఫ్ ఇవ్వక తప్పలేదు. కాలచక్రం చూడండి, ఇప్పుడు మన వీధుల్లో మళ్లీ బ్యాటరీ ఆటోలు తిరుగుతున్నాయి. వాటికి సెల్ఫ్ అవసరమే లేదు.

నేటి సెల్ఫ్ మోటారుకు కెటరింగ్ నాటి దానికీ రూపంలో తేడా ఉంది. జనరేటరు పని వేరే పరికరానికి పోయింది. ఇప్పటి మోటారు మీద సొలినాయిడ్ అనే చిన్న డబ్బా ఉంటుంది. తాళంచెవి తిప్పగానే అది రెండు పనులు చేస్తుంది. మోటారు కొసన ఉన్న చిన్న పళ్ల చక్రాన్ని ముందుకు నెట్టి ఫ్లైవీల్ పళ్లలో కలుపుతుంది. అదే సమయంలో బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగను మోటారుతో కలుపుతుంది. ఆ చిన్న చక్రపు భాగాన్ని మన మెకానిక్కులు బెండిక్స్ అంటారు. అది విన్సెంట్ బెండిక్స్ అనే అమెరికను ఇంజనీరు పేరు. మనిషి పేరు గ్యారేజీలో వస్తువు పేరైపోయింది.

సెల్ఫ్ కొట్టనప్పుడు మంచి మెకానిక్కు మొదట చేసే పని పానా పట్టడం కాదు, చెవి ఒగ్గడం. దీపాలు కూడా వెలగక, ఏ శబ్దమూ రాకపోతే తప్పు బ్యాటరీదో, దాని కొసల్లో పేరుకొన్న తెల్లని బూజుదో కావచ్చు. టకటకమని వరుసగా చప్పుడు వస్తే బ్యాటరీ నీరసించింది. దీపాలు ప్రకాశంగా ఉండి, ఒక్కసారి టక్కుమని ఊరుకొంటే సొలినాయిడ్ కదిలింది గాని విద్యుత్తు మోటారులో పారలేదని అర్థం. అప్పుడు సొలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలిపోయి ఉండవచ్చు, లేదా మోటారులోని కార్బన్లు అరిగిపోయి ఉండవచ్చు. మోటారు గిర్రున తిరిగి ఇంజను మాత్రం కదలకపోతే బెండిక్స్ జారుతున్నది. కరకరమని రాపిడి వినిపిస్తే ఫ్లైవీల్ పళ్లు అరిగాయి. చంద్రపూర్ వంటి చోట, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు బ్యాటరీలో నీరు త్వరగా తగ్గిపోతుంది. కాబట్టి ఇక్కడి మెకానిక్కు ముందుగా బ్యాటరీ మూతలు విప్పి చూస్తాడు. అది అనుభవం నేర్పిన వరుస.

అనుమానం తీరడానికి వోల్టు మీటరు ఉంది. నిండిన పన్నెండు వోల్టుల బ్యాటరీ కొసల మధ్య పన్నెండున్నరకు కొంచెం పైన చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది తగ్గడం సహజమే. పది దగ్గర నిలిస్తే మంచిది. తొమ్మిదిన్నర కంటె బాగా కిందికి జారితే బ్యాటరీ బలహీనమై ఉండాలి, లేదా మోటారు లోపల ఏదో పట్టుకొని ఉండాలి. తాళంచెవి తిప్పినా అంకె ఏమాత్రం కదలకపోతే, విద్యుత్తు దారిలో ఎక్కడో తెగిందన్నమాట. బండి చట్రానికి బిగించిన ఎర్తు తీగ వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఈ ఒక్క బోల్టు చూడక, బాగున్న మోటారును విప్పి మార్చినవారు లేకపోలేదు. డబ్బు పోతుంది, రోగం అలాగే ఉంటుంది. కొందరు మోటారు మీద పానాతో మెల్లగా తడతారు. అరిగిన కార్బన్లు కొంచెం సర్దుకొని ఒకటి రెండుసార్లు పనిచేయవచ్చు. అది బండిని ఇంటికి చేర్చడానికే గాని మరమ్మతు కాదు.

మోటారు మార్చక తప్పదని తేలితే ముందుగా బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డు వేస్తారు. తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి. దీనికి కారణం ఉంది. మోటారుకు వచ్చే లావు తీగలో తాళంచెవి తీసివేసినా విద్యుత్తు సిద్ధంగా ఉంటుంది. పానా ఒక కొసన ఆ తీగకు, మరొక కొసన ఇంజను ఇనుముకు తగిలిందంటే నిప్పులు కురుస్తాయి, చేయి కాలుతుంది. ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకొని విప్పి, మోటారును ఒక చేత్తో మోస్తూ రెండు మూడు బోల్టులు తీస్తారు. లారీ మోటారైతే బరువు ఎక్కువ, కాబట్టి ఇద్దరు ఉండటం మేలు. కొత్తదానిని పాతదాని పక్కన పెట్టి బెండిక్స్ పళ్లు లెక్కపెట్టి చూడాలి. ఆ సందులోంచి ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పి, చుట్టూ ఉన్న పళ్లను కూడా చూడాలి. అరిగిన పళ్ల మీద కొత్త మోటారు పెడితే అదీ చెడుతుంది. మోటారు అతికే చోట తుప్పు, మసి గీకి శుభ్రం చేయాలి. చాలా బండ్లలో విద్యుత్తు తిరిగిపోయే దారి అదే. నెగెటివ్ తీగ అన్నింటికంటె చివర బిగించాలి.

కొత్త మోటారు పెట్టిన తరువాత కూడా డ్రైవరుకు ఒక నియమం ఉంది. పది పదిహేను సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టరాదు. ఇంజను అందుకోకపోతే ఒక నిమిషం ఆగాలి. ఆ మోటారు తన శక్తికి మించిన పని కొద్ది క్షణాలు మాత్రమే చేసేటట్టు పుట్టింది. క్యాష్ రిజిస్టర్ ముందు కూర్చొని 1906కు ముందు కెటరింగ్ వేసిన లెక్కే ఇది. ఆ లెక్కను మీరినప్పుడు మోటారు కాలుతుంది.

డెల్కో 1916లో యునైటెడ్ మోటార్స్‌లో, దాని ద్వారా 1918లో జనరల్ మోటార్స్‌లో కలిసింది. 1920లో జనరల్ మోటార్స్ పరిశోధనా విభాగం కెటరింగ్ చేతికి వచ్చింది. 1947 వరకు ఆయనే దాని అధిపతి. అయితే అక్కడి మొదటి పెద్ద ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. నీటికి బదులు గాలితోనే చల్లబడే ఇంజను చేయాలని ఆయన పట్టుబట్టాడు. వేడిని లాగడానికి ఇంజను చుట్టూ రాగి రెక్కలు అతికించాడు. 1923లో ఆ ఇంజనుతో షెవ్రొలే కార్లు బయటికి వచ్చాయి. ఎండలో అవి వేడెక్కి, శక్తి కోల్పోయి ఆగిపోయాయి. అమ్మిన కార్లనన్నింటినీ కంపెనీ వెనక్కి పిలిపించింది. కెటరింగ్ అవమానంతో రాజీనామాకు సిద్ధపడ్డాడు. తయారీ విభాగం వారు తనకు సరిగా సహకరించలేదన్న కోపం కూడా ఆయనలో ఉంది. కంపెనీ అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ ఆయనను వదులుకోలేదు, నచ్చచెప్పి నిలిపాడు.

ఆయన జీవితంలో దీనికన్న బరువైన ఘట్టం మరొకటుంది. పెట్రోలు ఇంజనులో ఇంధనం సరిగా మండక టకటకలాడటాన్ని నాకింగ్ అంటారు. ఇది కెటరింగ్ ఇగ్నిషన్ వల్లనే వస్తున్నదని పోటీదారులు నిందించేవారు. అసలు కారణం ఇంధనంలోనే ఉందని ఆయన నమ్మకం. తన సహాయకుడు థామస్ మిడ్‌గ్లీకి ఆ పని అప్పగించాడు. ఎన్నెన్నో పదార్థాలు కలిపి చూసిన తరువాత, 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు ద్రవం కొద్దిగా కలిపితే నాకింగ్ పోతుందని తేలింది. ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని వారికి తెలుసు. అయినా చవకగా, కొద్ది పరిమాణంలో సరిపోయే సీసాన్నే ఎంచుకొన్నారు. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. 1924లో ఈ ద్రవాన్ని అమ్మడానికి ఏర్పడిన ఈథిల్ కార్పొరేషన్‌కు కెటరింగ్ మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ సంవత్సరమే న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో దీనిని తయారుచేస్తున్న కార్మికులు మతి చలించి, అయిదుగురు ప్రాణాలు విడిచారు. మరికొన్ని చోట్ల కూడా మరణాలు సంభవించాయి. 1925లో ప్రభుత్వ వైద్యాధికారులు వాషింగ్టన్‌లో విచారణ జరిపారు, అమ్మకం కొంతకాలం ఆగింది. అక్కడ కెటరింగ్ తన ద్రవం పక్షానే మాట్లాడాడు. మరుసటి సంవత్సరం అమ్మకం తిరిగి మొదలైంది.

ఆ తరువాత డెబ్బై ఏళ్లకు పైగా ప్రపంచంలోని పెట్రోలు బండ్లు సీసపు పొగను వదిలాయి. పిల్లల మెదడు ఎదుగుదలకు అది హాని చేస్తుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. చిట్టచివరి దేశమైన అల్జీరియాలో 2021లో ఆగింది. మిడ్‌గ్లీ బృందమే, కెటరింగ్ కోరిక మీద, ఫ్రిజ్‌ల కోసం ఫ్రియాన్ అనే వాయువును కూడా కనిపెట్టింది. అంతకు ముందు వాడే విషవాయువులు లీకై ఇళ్లలో మనుషులు చనిపోతుంటే, వారి ప్రాణాలు కాపాడాలనే చేసిన ప్రయత్నమది. అది ఆకాశంలోని ఓజోను పొరను తినివేస్తుందని 1970లలో గాని తెలియలేదు. ఫ్రియాన్ సంగతి ఎవరూ ముందుగా ఊహించలేకపోయారు. సీసం సంగతి అటువంటిది కాదు, హెచ్చరికలు వచ్చినప్పటికీ ఆయన లెక్కచేయలేదు. ఆయన చరిత్ర రాసేవారు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

డీజిలు ఇంజనును రైలుకు తగినట్టు తేలిక చేయడం ఆయన తరువాతి పని. అప్పటి డీజిలు ఇంజన్లు ఓడలకు పనికివచ్చేంత బరువుండేవి. కెటరింగ్ బృందం చేసిన రెండు స్ట్రోకుల ఇంజనుతో జెఫిర్ అనే రైలు 1934 మే 26న డెన్వర్ నుంచి చికాగో వరకు, సుమారు 1630 కిలోమీటర్లు, ఆగకుండా పదమూడు గంటల చిల్లరలో పరుగెత్తింది. పొగబండ్ల కాలం ముగుస్తున్నదని ఆ రోజే చాలామందికి అర్థమైంది. కుమారుడు యూజీన్ కూడా డీజిలు ఇంజనీరై ఈ పనిలో పాలుపంచుకొన్నాడు. ఆ వంశానికి చెందిన ఇంజన్లు తరువాతి కాలంలో వారణాసిలో తయారై మన రైలు పట్టాల మీద కూడా నడిచాయి.

1945లో స్లోన్, కెటరింగ్ పేర్లతో న్యూయార్క్‌లో క్యాన్సరు పరిశోధనా సంస్థ వెలసింది. మరుసటి సంవత్సరం ఆలివ్ మరణించింది. చదువు సాగని రోజుల్లో, ఉద్యోగం వదిలిన రోజుల్లో తోడుగా నిలిచిన ఆమె లేకపోవడం ఆయనను కుంగదీసింది. అయినా పని ఆపలేదు. నూటెనభైకి పైగా పేటెంట్లు సంపాదించిన ఆ మనిషిని ముసలితనంలో పట్టుకొన్న ప్రశ్న యంత్రాలది కాదు. గడ్డి ఎందుకు పచ్చగా ఉంటుంది? ఆకు ఎండను ఆహారంగా ఎలా మారుస్తుంది? యెల్లో స్ప్రింగ్స్ ఊరిలో తన సొంత డబ్బుతో నడిపించిన ప్రయోగశాలలో ఏళ్ల తరబడి శాస్త్రజ్ఞుల చేత ఈ ప్రశ్న మీదనే పని చేయించాడు. డేటన్ పక్కన ఆయన నివసించిన ప్రాంతం 1950లలో పట్టణమైనప్పుడు అక్కడివారు దానికి కెటరింగ్ అనే పేరు పెట్టుకొన్నారు. 1958 నవంబరు 25న ఎనభై రెండేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశాడు. ఆకు రహస్యం అప్పటికి పూర్తిగా విడలేదు. యెల్లో స్ప్రింగ్స్ ప్రయోగశాలలో పని ఆ తరువాత కూడా చాలా ఏళ్లు సాగింది.